గోత్, ఇండస్ట్రియల్ వింటూ పెరిగిన చెవికి మిగతా ఎలక్ట్రానిక్ సంగీతం ఎందుకు ఎక్కదు?

నల్లగొడుగు

పదిహేనేళ్లప్పుడు మా అన్నయ్య ఇచ్చిన ఒక టేపులో బౌహౌస్ అనే గోత్ (చీకటి మూడ్ రాక్) బ్యాండు వాళ్ల 'బేలా లుగోసీస్ డెడ్' ఉండేది. 1979 నాటి పాట, తొమ్మిది నిమిషాలకు పైనే. దాన్నే తిప్పి తిప్పి విన్నాను. అక్కడి నుంచి సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, తర్వాత ఇండస్ట్రియల్ వైపు, అంటే యంత్రాల చప్పుళ్లతో చేసే సంగీతం వైపు తిరిగి స్కిన్నీ పప్పీ, ఫ్రంట్ 242 దాకా వెళ్లాను. ఇరవై ఐదు దాటాక గిటార్లు ఎప్పుడు తగ్గిపోయాయో నాకే తెలీదు. ఇప్పుడు వినేదంతా ఎలక్ట్రానిక్కే.

ఇక్కడే నా బాధ. స్నేహితులు పంపే హౌస్, ట్రాన్స్ లాంటి డాన్స్ ట్రాకుల్లో పదింటికి తొమ్మిది నాకు ఎక్కడం లేదు. చేసినవాళ్ల పనితనం తెలుస్తూనే ఉంటుంది. అయినా చెవి దగ్గరే ఆగిపోతాయి, లోపలికి దిగవు. అదే టెక్నో చేసే సర్జన్ అనే ఆయన ట్రాక్ ఏదైనా పెడితే, వెనకెక్కడో ఇనుముకి ఇనుము రాసుకున్నట్టు ఒక చప్పుడు వినబడగానే లేచి కూర్చుంటాను. మొన్న ఒక ఫ్రెండ్ "నీకు చీకటి అలవాటైపోయింది, వెలుగు పడదు" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. మొదట విన్న సంగీతం చెవిని జీవితాంతం ఇలా కట్టేస్తుందా? మీలో ఎవరికైనా ఇలాగే జరిగిందా?

సీక్వెన్సర్_శీను

చీకటి సంగతి పక్కన పెట్టండి. మీకు పట్టింది లయ. జర్మన్ జోడీ డాఫ్ వాళ్ల 'డెర్ ముస్సోలినీ' (1981) ఒకసారి బేస్ మాత్రమే పట్టుకుని వినండి. కోర్గ్ ఎంఎస్-20 సింథ్‌కి ఎస్‌క్యూ-10 సీక్వెన్సర్ తగిలించి, అదే చిన్న ముక్కని ఆగకుండా తిప్పుతూ ఉంటారు. దాని మీద రాబర్ట్ గోర్ల్ నిజం డ్రమ్స్ వాయిస్తాడు. కార్డుల (కలిపి మోగించే స్వరాల) మార్పు లేదు. ఒంటిని కదిలించడమే దాని పని. ఫ్రంట్ 242 వాళ్లు 1984లో 'నో కామెంట్' రికార్డులో తమ సంగీతానికి ఎలక్ట్రానిక్ బాడీ మ్యూజిక్ అని పేరు పెట్టుకున్నది ఇందుకే. మనం ఈబీఎం అనేది దాన్నే.

1987లో నిట్జర్ ఎబ్ 'జాయిన్ ఇన్ ద చాంట్' వచ్చేసరికి అందులోంచి అరుపులు తీసేస్తే మిగిలేది దాదాపు టెక్నోనే. కాబట్టి మీరు గోత్ నుంచి టెక్నోకి మారారని నేను అనుకోను. ఉన్న ఇంట్లోనే పక్క గదిలోకి వెళ్లారు.

రేడియో_రమణి

శీను గారూ, లయే కారణమైతే ట్రాన్స్ కూడా ఎక్కాలి కదా? ట్రాన్స్‌లోనూ బేస్ ఆగకుండా అలాగే పరిగెడుతుంది. మరి ఆయనకి అది ఎందుకు దిగడం లేదు?

సీక్వెన్సర్_శీను

మంచి ప్రశ్న. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. ట్రాన్స్‌లో బేస్ పైన మెలడీ ఎక్కి కూర్చుంటుంది, అందరూ దాని కోసమే ఎదురుచూస్తారు. ఈబీఎంలో బేసే హీరో. మిగతా సగం ఎవరైనా చెప్పండి.

మోగే_ఇనుము

ఆ సగం నేను చెప్తాను. గరుకుదనం.

మామూలు పాటలో గరగర వినిపిస్తే అది లోపం, ఇంజనీరు కూర్చుని తీసేస్తాడు. ఇండస్ట్రియల్‌లో ఆ గరగరే వాయిద్యం. థ్రాబింగ్ గ్రిజిల్‌లో క్రిస్ కార్టర్ తన ఎఫెక్ట్ పెట్టెలు తానే తయారు చేసుకునేవాడు, గ్రిజిలైజర్ అనేది అలా వచ్చిందే. బెర్లిన్‌లో ఐన్‌స్టుర్ట్‌సెండె నొయ్‌బౌటెన్ వాళ్లు రేకులూ స్ప్రింగులూ డ్రిల్లులూ తెచ్చి వాయించారు. ఇలాంటివి వింటూ పెరిగినవాడు పాట ఎటు పోతోందని పెద్దగా పట్టించుకోడు. ఈ చప్పుడు దేనిది, ఎంత దూరం నుంచి వస్తోంది, దాని అంచు ఎక్కడ చిరుగుతోంది, ఇదే వింటాడు. అలా తయారైన చెవికి, పాలిష్ పట్టిన హై-హ్యాటూ నున్నటి సింథూ తప్ప ఇంకేం లేని ట్రాక్ పెడితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. జారిపోతుంది.

నా సంగతే చెప్తాను. కాలేజీ రోజుల్లో నా టేప్ ప్లేయర్ పాడైపోయి ప్రతి పాటా కొంచెం వణుకుతూ మోగేది. రెండేళ్లు అలాగే విన్నాను. తర్వాత అవే పాటలు సీడీలో శుభ్రంగా వింటే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. వణుకు కూడా పాటలో భాగమే అని నా చెవి నిర్ణయించేసుకుంది!

తొమ్మిదో_గంట

+1 గరుకుదనానికి.

టేప్‌హిస్

ట్రాన్స్ గురించి ఎవరూ చెప్పని ఒక విషయం. 1980లలో గోవా బీచ్ పార్టీల్లో డీజేలు రాత్రంతా క్యాసెట్ల మీద వాయించినవాటిలో ఫ్రంట్ 242, క్యాబరే వోల్టేర్, న్యూ ఆర్డర్ లాంటివి చాలా ఉండేవి. గొంతు వచ్చే భాగాలు కోసేసి, వాయిద్యం ఉన్న ముక్కల్నే అతికించి పొడవు చేసుకునేవారు. గోవా ట్రాన్స్ పుట్టింది ఆ నేల మీదే. ఆ తర్వాత కిల్లింగ్ జోక్ బ్యాండులో బేస్ వాయించిన యూత్ అనే ఆయనే డ్రాగన్‌ఫ్లై అని లేబుల్ పెట్టి గోవా ట్రాన్స్ రికార్డులు వేశాడు. గోత్ వాళ్లు తమవాళ్లని చెప్పుకునే కిల్లింగ్ జోకే అది.

కాబట్టి నల్లగొడుగు గారూ, మీకు ఎక్కని ట్రాన్స్‌కీ మీకు నచ్చే టెక్నోకీ తాత ఒక్కడే.

నల్లగొడుగు

ఇది నాకు అస్సలు తెలీదు. ఇంకో సంగతి కూడా తట్టింది. గొంతు కోసేశారు అన్నారు కదా. నాకు ఇండస్ట్రియల్‌లో ఆ గొంతంటే ప్రాణం. స్కిన్నీ పప్పీలో గొంతు మాటలా ఉండదు, గాయంలా ఉంటుంది. బహుశా ట్రాన్స్‌లో నేను వెతికి దొరకనిది అదేనేమో.

సీక్వెన్సర్_శీను

కానీ మీరు ఇష్టపడే సర్జన్ ట్రాకుల్లోనూ గొంతు లేదుగా!

మోగే_ఇనుము

అక్కడ గొంతు చేసే పని డిస్టార్షన్ చేస్తుంది.

వెన్నెల_రీవర్బ్

అందరూ గోత్ అని మొదలుపెట్టి ఇండస్ట్రియల్ గురించే మాట్లాడుతున్నారు. నేను గోత్ వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే నేను టెక్నో వైపు వెళ్లనే లేదు.

'బేలా లుగోసీస్ డెడ్' మళ్లీ వినండి. అది రాక్ పాటలా నడవదు. డ్రమ్ దెబ్బ పడి, ఎకోలో కొట్టుకుపోయి, చాలాసేపటికి గోడకి తగులుతుంది. అది జమైకా డబ్ (ఎకోతో ఆడుకునే రెగె) దగ్గర నేర్చుకున్న పని. గోత్ నాకు నేర్పింది ఈ ఖాళీని వినడం. శబ్దం ఆగాక మిగిలే గదిని వినడం. కాక్టో ట్విన్స్‌లో మాటలు అర్థం కాకపోయినా గంటలు గంటలు కూర్చోగలిగింది అందుకే. అక్కడి నుంచి నేను వెళ్లింది మాసివ్ అటాక్‌కి. 1998లో వచ్చిన 'మెజనీన్' ఆల్బమ్‌లో 'టియర్‌డ్రాప్' పాడింది కాక్టో ట్విన్స్ ఎలిజబెత్ ఫ్రేజరే. అదే ఆల్బమ్‌లో 'మ్యాన్ నెక్స్ట్ డోర్'లో ద క్యూర్ పాట ముక్క శాంపిల్‌గా ఉంది. ఆ ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడు తెలియని ఊళ్లో మనవాళ్లు కనబడ్డట్టు అనిపించింది. తర్వాత డబ్ టెక్నో, యాంబియంట్. నా కలెక్షన్‌లో ఇవాళ్టికీ 130 బీపీఎం (నిమిషానికి పడే దెబ్బలు) దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అంటే ఈబీఎం పట్టినవాళ్లు ఒక దారిన, ఎకో పట్టినవాళ్లు ఇంకో దారిన పోయారు. అందరినీ ఒకే గాట కట్టకండి.

రేడియో_రమణి

వెన్నెల గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నా కథ. ఒక్క మాట కలుపుతాను. కాక్టో ట్విన్స్, డెడ్ కెన్ డాన్స్ ఉన్న అదే 4ఏడీ లేబుల్ నుంచే 1987లో 'పంప్ అప్ ద వాల్యూమ్' వచ్చింది. ఎక్కువగా శాంపిళ్లతో కుట్టిన హౌస్ పాట, బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఆ పొగమంచు లేబుల్‌కి డాన్స్ హిట్! మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

తొమ్మిదో_గంట

నేను వేరే మాట చెప్తాను. చెవి, గరుకు, ఎకో అని మనం అంటున్నాం కానీ, సగం రుచి ఎవరు ఏది చేతికిచ్చారు అన్న దాని మీద ఉంటుంది.

నేను పూర్తిగా నైన్ ఇంచ్ నెయిల్స్ మనిషిని. 1995లో వచ్చిన 'ఫర్దర్ డౌన్ ద స్పైరల్' రీమిక్సుల డిస్క్‌లో ఏఫెక్స్ ట్విన్ ఉన్నాడు, కాయిల్ ఉన్నారు. ఆ పేర్లు నాకు అప్పటిదాకా తెలీదు. ఏఫెక్స్ ట్విన్ ముక్క విని, ఇదేంటి, ఇందులో అసలు పాటే లేదు అని కోపం వచ్చింది. వారం తర్వాత ఆ ముక్కనే వింటున్నాను. ఆ తర్వాత నైన్ ఇంచ్ నెయిల్స్ నడిపే ట్రెంట్ రెజ్నర్ నథింగ్ లేబుల్, బ్రిటన్ లేబుల్ వార్ప్ వాళ్ల ఆటెకర్, స్క్వేర్‌పుషర్, ప్లాయిడ్ రికార్డుల్ని అమెరికాలో వేసింది. నల్ల టీషర్టు వేసుకుని అరుపుల కోసం వచ్చిన పిల్లలు అలా ఆటెకర్ దగ్గరికి చేరారు. ఎవరూ వాళ్లకి సలహా ఇవ్వలేదు. లేబుల్ గుర్తు ఒక్కటే ఉంది, దాన్ని నమ్మారు.

నా రుచిని మలిచింది ఆ నమ్మకమే. అదే లేబుల్ హౌస్ రికార్డులు వేసి ఉంటే నేను ఇవాళ హౌస్ మనిషిని అయ్యేవాణ్ణి.

మోగే_ఇనుము

ఒప్పుకోను. నమ్మి కొన్నవన్నీ నచ్చవు. ఆ లేబుల్‌లోనే మీరు ఒక్కసారి విని పక్కన పెట్టినవి లేవా?

తొమ్మిదో_గంట

ఉన్నాయి. సరే, తలుపు దాకా లేబుల్ తీసుకెళ్తుంది, లోపలికి చెవే వెళ్లాలి. ఇంతకన్నా తగ్గను.

పగటిపాట

నేను హౌస్ మనిషిని. మొదటి పోస్టులో "చెవి దగ్గరే ఆగిపోతాయి, లోపలికి దిగవు" అన్న మాట చదివి కాస్త బాధపడ్డాను, అందుకే రాస్తున్నాను.

గోత్, ఇండస్ట్రియల్ వినే స్నేహితులు నాకు చాలామంది. వాళ్లలో ఒకటి గమనించాను. సంతోషం అంటే వాళ్లకి అనుమానం. పాట బాధగా ఉంటే నిజాయితీ, నవ్వుతూ ఉంటే పైపైది. ఈ లెక్క పదిహేనేళ్ల వయసులో ఒంటికి పట్టేస్తుంది, తర్వాత దాన్నే చెవి అని పిలుచుకుంటారు. అది చెవి కాదు, అప్పుడు వేసుకున్న గోడ.

ఆ సంగీతం చేసినవాళ్లకే ఆ గోడ లేదు. షికాగో చూడండి. ఇండస్ట్రియల్‌కి పెద్ద దిక్కైన వ్యాక్స్ ట్రాక్స్ లేబుల్ ఉన్నది ఆ నగరంలోనే, హౌస్ పుట్టిందీ అక్కడే. మెడూసాస్ క్లబ్బులో రెండూ మోగేవి. షెఫీల్డ్‌లో 1973 నుంచి టేపులతో కుస్తీ పట్టిన క్యాబరే వోల్టేర్ తర్వాత షికాగో వెళ్లి హౌస్ నిర్మాత మార్షల్ జెఫర్సన్‌తో ఆల్బమ్ చేసుకొచ్చారు. అది 1990లో వచ్చింది. వాళ్లలో రిచర్డ్ కిర్క్ అదే ఏడాది స్వీట్ ఎక్సార్సిస్ట్ పేరుతో 'టెస్టోన్' చేశాడు, వార్ప్ లేబుల్ తొలి రికార్డుల్లో ఒకటి అది. ఆ మనిషికి హౌస్ లోపలికి దిగింది. మనకెందుకు దిగకూడదు?

వెన్నెల_రీవర్బ్

"సంతోషం అంటే అనుమానం". ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

గరుకుగొంతు

కానీ పగటిపాట గారూ, గోత్ క్లబ్బుల్లోకే ట్రాన్స్ వచ్చింది కదా. 2000 ప్రాంతంలో విఎన్‌వి నేషన్, కవనెంట్, ఆపోప్టిగ్మా బెర్జెర్క్ వాయించినదంతా ట్రాన్స్ సింథులే. దానికి ఫ్యూచర్‌పాప్ అని పేరు కూడా పెట్టారు. నల్లబట్టల వాళ్లు చేతులు పైకెత్తి ఆడారు. గోడ అంత గట్టిదేం కాదు.

మోగే_ఇనుము

అది ట్రాన్స్ కాదు. ట్రాన్స్ చొక్కా తొడుక్కున్న సింథ్‌పాప్.

గరుకుగొంతు

చొక్కా నచ్చే కదా వేసుకున్నారు. నేను ఆ చొక్కా చూసే ట్రాన్స్ కొట్టుకి వెళ్లాను. మీరు అదే కాలంలో ఆంట్-జెన్ లేబుల్ గరగరల దగ్గర ఉండిపోయారు, నాకు తెలుసు.

మోగే_ఇనుము

ఉండిపోయాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆ రికార్డుల్లో కిక్ డ్రమ్ ఒక్కటి వినండి, కొట్టిన ప్రతిసారీ దాని చర్మం చిట్లుతున్నట్టు ఉంటుంది. దాని మీద నాకున్న ప్రేమ అనుమానం వల్ల పుట్టింది కాదు.

నల్లగొడుగు

పగటిపాట గారూ, ముందు ఆ మాటకి క్షమించండి. మీరు చెప్పిన దాంట్లో నిజం ఉంది. పదిహేడేళ్లప్పుడు ఎవరైనా హుషారు పాట పెడితే గదిలోంచి లేచి వెళ్లిపోయేవాణ్ణి. పాట పూర్తిగా వినేవాణ్ణి కాదు. వినకుండానే తీర్పు చెప్పేవాణ్ణి. అప్పుడు స్కూల్లో నాకు పరిస్థితి బాగా లేదు, ఎవరితోనూ కలవలేకపోయేవాణ్ణి. ఆ సంగీతం ఒక్కటే "నువ్వు ఇలా ఉన్నా పర్లేదు" అని చెప్పింది. దాన్ని కాపాడుకోవాలంటే మిగతావాటిని దూరం పెట్టాలనుకున్నాను. ఇప్పుడు ఆ అవసరం లేదు. కానీ అలవాటు ఉండిపోయింది.

పగటిపాట

క్షమాపణ అక్కర్లేదండీ. మీరు రాసింది చదివాక ఆ గోడ ఎందుకు కట్టుకున్నారో అర్థమైంది. ఒక ప్రయోగం చేద్దామా? మూడు ట్రాకులు, ఇదే వరసలో. మొదట థ్రాబింగ్ గ్రిజిల్ 'హాట్ ఆన్ ద హీల్స్ ఆఫ్ లవ్', 1979. మీ ఇంటి పాటే. రెండోది 'టెస్టోన్'. మూడోది మిస్టర్ ఫింగర్స్ 'కెన్ యూ ఫీల్ ఇట్', 1986, షికాగో. వారం పాటు ఒక్కోటి కనీసం ఐదుసార్లు, పని చేసుకుంటూ కాకుండా కూర్చుని వినండి.

కొత్తచెవి

నాకు ఇరవై రెండు. నా కథ తిరగబడి ఉంది. ఈ వైపు మొదట టెక్నో చేసే గెసాఫెల్‌స్టైన్ 'అలెఫ్' (2013) విన్నాను. అక్కడి నుంచి హెలెనా హాఫ్ సెట్లు, బాయ్ హార్షర్, వాళ్ల నుంచి నిట్జర్ ఎబ్, చివరికి పోయినేడాది థ్రాబింగ్ గ్రిజిల్. మీరందరూ మెట్లు దిగి వచ్చిన చోటికి నేను మెట్లెక్కి వెళ్లాను. నేను హౌస్, డ్రమ్ అండ్ బేస్ వింటూ పెరిగాను, అయినా ఇండస్ట్రియల్ మొదటిసారి వినగానే లోపలికి దిగింది. మరి మొదట విన్నదే చెవిని కట్టేస్తుంది అన్న మాట నా విషయంలో పనిచేయలేదు.

సీక్వెన్సర్_శీను

ఈ పోస్టు చాలా ముఖ్యం. అయితే నువ్వు విన్న గెసాఫెల్‌స్టైన్‌లో ఈబీఎం బేస్ ముందే ఉంది. తాతని చూడకముందే మనవడి ముక్కు చూశావు, తాత దగ్గరికి వెళ్లగానే గుర్తుపట్టావు.

టెక్నో కట్టినవాళ్ల సంగతీ అంతే. జెఫ్ మిల్స్ డెట్రాయిట్‌లో ఫైనల్ కట్ అనే ఇండస్ట్రియల్ బృందంలో ఉన్నాడు, 1989లో వాళ్ల ఆల్బమ్ వచ్చింది. తర్వాత ఆయన ఉన్న టెక్నో బృందం అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ రికార్డుల్లో ఆ కొట్టుడు ఎక్కడిదో అది వింటే తెలుస్తుంది. బర్మింగ్‌హామ్‌లో 1993లో డౌన్‌వర్డ్స్ లేబుల్ మొదలుపెట్టినవాళ్లలో రీజిస్ ఒకడు, నల్లగొడుగు గారి సర్జన్ తొలి రికార్డు దాని మీదే వచ్చింది. సర్జన్‌కి కాయిల్ అనే ఇండస్ట్రియల్ బృందం అంటే ఎంత ఇష్టమో అందరికీ తెలిసిందే. అంటే మీరు ఆ ఇనుము చప్పుడుకి లేచి కూర్చున్నప్పుడు, ఒక ఇండస్ట్రియల్ అభిమాని ఇంకో ఇండస్ట్రియల్ అభిమానిని గుర్తుపడుతున్నాడు.

టేప్‌హిస్

మధ్యలో ఒక చిన్న సంగతి, ఇష్టం కొద్దీ చెప్తున్నాను. బెల్జియంలో న్యూ బీట్ ఎలా మొదలైందో తెలుసా? ఎ స్ప్లిట్-సెకండ్ వాళ్ల 'ఫ్లెష్' రికార్డు 45 స్పీడుది. దాన్ని ఒక డీజే 33లో పెట్టి, పిచ్ +8కి జరిపి వాయించాడు. జనం దానికే ఆడారు. అలా నెమ్మదించిన బరువైన లయే ఒక కొత్త శైలి అయింది. నేను ఇంట్లో అలా పెట్టి వింటుంటే మా నాన్న వచ్చి "కరెంటు తక్కువొస్తోందా?" అని అడిగారు.

రేడియో_రమణి

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. న్యూ బీట్‌ని ఇంత బాగా ఎవరూ వర్ణించలేదు.

కొత్తచెవి

శీను గారూ, ముక్కు మాట ఒప్పుకుంటాను. కానీ నాకు థ్రాబింగ్ గ్రిజిల్‌లో నచ్చింది బేస్ కాదు. ఏ నిమిషానికి ఏం జరుగుతుందో తెలియకపోవడం. నేను వినే క్లబ్ సంగీతంలో ఎనిమిది బార్లకి ఒక మార్పు, పదహారుకి ఇంకోటి, ముందే తెలిసిపోతుంది. వాళ్లు ఆ లెక్క పాటించరు. వాళ్లని విన్నాక నాకు మామూలు డ్రాప్‌లు (బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోట్లు) విసుగొస్తున్నాయి. అంటే రుచిని మలవడానికి మొదటే వినక్కర్లేదు, ఎప్పుడు విన్నా మలుస్తుంది.

వెన్నెల_రీవర్బ్

ఈ మాట రాసి పెట్టుకుంటున్నాను.

గరుకుగొంతు

సిస్టర్స్ ఆఫ్ మెర్సీ డ్రమ్ మెషిన్‌కి డాక్టర్ అవలాంచ్ అని పేరు పెట్టి బ్యాండు సభ్యుల్లో చేర్చిన సంగతి ఎవరూ ఎత్తలేదు. మిగతా రాక్ వాళ్లు మెషిన్‌ని మోసం అంటున్న రోజుల్లో గోత్ పిల్లలు దాన్ని పేరు పెట్టి పిలిచారు. తర్వాత టెక్నో వచ్చినప్పుడు "ఎవరూ వాయించడం లేదు" అనే ఫిర్యాదు మనలో రాకపోవడానికి అదీ ఒక కారణం అనుకుంటాను.

నల్లగొడుగు

వారం అయింది. చెప్పినట్టే విన్నాను.

'హాట్ ఆన్ ద హీల్స్ ఆఫ్ లవ్' వందసార్లు విన్నదే. కానీ ఈసారి వాళ్ల గాయని కోసీ గుసగుస కింద నడిచే బీట్ వింటే, ఇది నేరుగా డాన్స్ పాటేనని అర్థమైంది. ఇన్నేళ్లూ నేను దాన్ని భయపెట్టే పాటగానే విన్నాను. 'టెస్టోన్' మొదటి రోజు నచ్చలేదు, మూడో రోజు ఆ బీప్‌ల కింద బేస్ ఎంత పెద్దదో తెలిసింది. దాన్ని వినాలంటే స్పీకర్లు కావాలి, ఇయర్‌ఫోన్లలో సగం పోతోంది.

'కెన్ యూ ఫీల్ ఇట్' సంగతి. నాలుగు రోజులు ఏమీ జరగలేదు. ఐదో రోజు రాత్రి లైటు తీసేసి విన్నాను. సింథ్ కార్డులు మెత్తగానే ఉన్నాయి, మోగే_ఇనుము గారు చెప్పిన గరుకు ఎక్కడా లేదు. కానీ వెన్నెల గారు అన్న ఖాళీ ఉంది. కార్డు ఆగాక బేస్ ఒక్కటే నడిచే చోట అది వినబడింది. అది సంతోషం పాటే, అయితే ఒంటరిగా ఉన్న మనిషి సంతోషం. నేను దాన్ని పదిహేనేళ్లప్పుడు విని ఉంటే లేచి వెళ్లిపోయేవాణ్ణి. మొన్న మూడుసార్లు వరసగా విన్నాను.

ట్రాన్స్ మాత్రం ఇంకా ఎక్కలేదు, అబద్ధం చెప్పను.

పగటిపాట

ట్రాన్స్ సంగతి గరుకుగొంతు గారికి వదిలేస్తున్నాను! లారీ హెర్డ్ అంటే ఆ మిస్టర్ ఫింగర్సే. ఆయనవి ఇంకా ఉన్నాయి, రేపు వరస రాసి పెడతాను. స్పీకర్ల దగ్గర కూర్చోండి.

గరుకుగొంతు

సరే, నేను తీసుకుంటాను. కవనెంట్ నుంచి మొదలుపెడదాం. అందులో మీకు నచ్చే గొంతు ఉంది.